ఉద్యోగ సోన

ఉమాకాంతం వ్యవసాయ శాఖలో ఇరవై ఆరేళ్ళుగా పనిచేస్తున్నాడు. ఆ ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా కాలికి బురద అంటించుకోలేదు. ఈ సంగతి గొప్పగా చెప్పుకునేవాడు కాదు, అలాగని దాచుకునేవాడూ కాదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అన్నారా అని సరిపెట్టుకునేవాడు. చదివింది ఎమ్మే తెలుగు. పాత కవులు పంటచేలను వర్ణించిన పద్యాలు ఓ నలభై దాకా కంఠస్థం. ఆ అర్హతతోనే జిల్లా కార్యాలయంలో సమాచార విభాగం సూపరింటెండెంటుగా కూర్చుని, ఏ నెలలో ఏం చేయాలో రైతులకు కరపత్రాలు రాసేవాడు. వాటిలో ‘కలుపు – రైతుకు పగవాడు’ అన్నది పదకొండు ముద్రణలు పొందింది. దాని ముఖచిత్రానికి ఫ్రేము కట్టించి ఇంట్లో పూజగది పక్కన తగిలించుకున్నాడు కూడా.

ఇలా ఎవరి మానాన వారు సుఖంగా ఉండగా, పొరుగు జిల్లాలో ఒక ఘోరం జరిగింది. శాఖ ప్రత్యేక ప్రధానాధికారి అక్కడో ఊరికి పర్యటనకు వెళ్ళారు. ఓ రైతు గుప్పెడు గడ్డి పీకి తెచ్చి, ఆయన పక్కనున్న ఉద్యోగి చేతిలో పెట్టి, ఇదేంటో చెప్పమన్నాడు. ఆ ఉద్యోగి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “నేను ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షను. గడ్డి టెక్నికల్ సెక్షను వాళ్ళు చూస్తారు” అన్నాడు. టెక్నికల్ సెక్షను వాళ్ళు అక్కడే ఉన్నారు. వాళ్ళు దాన్ని కవర్లో పెట్టి, పరీక్షకు పంపి నెలరోజుల్లో తెలియజేస్తామన్నారు. ఖర్మ కొద్దీ విలేఖరులు కూడా అక్కడే ఉన్నారు.

పది రోజులు తిరక్కుండా ఉత్తర్వు దిగింది. దాని పేరు ‘వ్యవసాయ శాఖోద్యోగుల మౌలిక సేద్య పరిజ్ఞాన సముపార్జన కార్యక్రమం’. డ్రైవరు దగ్గర్నించి జాయింట్ డైరెక్టరు దాకా ప్రతి ఉద్యోగీ వ్యవసాయం నేర్చుకోవలెను. ప్రతి జిల్లా కార్యాలయమూ అర ఎకరంలో వరి పండించవలెను. దమ్ము, నాట్లు, కలుపు, కోత ఉద్యోగులే స్వయంగా చేయవలెను. పంట చివర స్థానిక రైతు ఒకరు ‘ఈ ఉద్యోగికి వ్యవసాయం వచ్చును’ అని ఒక్కొక్కరికీ సంతకం పెట్టి ఇవ్వవలెను. పద్నాలుగో నిబంధన అన్నిటికన్నా గట్టిది: అట్టి ధ్రువీకరణ పొందిన ఉద్యోగి చేవ్రాలు లేనిదే ఇకపై ఏ విత్తనమూ రైతుకు చేరరాదు.

జాయింట్ డైరెక్టరు విశ్వపతి గారు సిబ్బందిని సమావేశపరిచి ఉత్తర్వు చదివి వినిపించారు. ఆయన చాలా జాగ్రత్త మనిషి. గొడుగు తెరవడానికి కూడా వాన పడుతున్నట్టు నోట్ ఫైలు కావాలనే రకం.

“మన కార్యాలయం వెనక అర ఎకరం ఖాళీ ఉంది కదా. పదకొండేళ్ళుగా బీడు. దానిని ఉపయోగంలోనికి తీసుకొనుటకు సూత్రప్రాయంగా అంగీకరించడమైనది” అన్నారాయన.

“నాట్లు వంగుని వేయాలాండీ, కూర్చుని వేయొచ్చాండీ?” అని అడిగింది ఎస్టాబ్లిష్‌మెంట్ సీనియర్ అసిస్టెంటు రోజారమణి.

“ఉత్తర్వులో భంగిమ ప్రస్తావన లేదు. స్పష్టత కోరుతూ రాయండి.”

రాశారు. స్పష్టత రావడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆ లోపల నారు ముదిరిపోయింది.

నేర్పడానికి ఒక రైతు కావాలి గనక, ఆ అర ఎకరానికి పక్కనే రెండెకరాలు కౌలుకు చేస్తున్న పేరంటాలును పిలిపించారు. యాభై ఐదేళ్ళ మనిషి, సన్నగా, రివటలా ఉంటుంది. పన్నెండో ఏట చేలో దిగింది, ఇంకా పైకి రాలేదు. అయితే శిక్షకులకు కనీసం డిగ్రీ ఉండాలని నిబంధన. రోజారమణి తల బద్దలు కొట్టుకుని ఓ దారి కనిపెట్టింది. పేరంటాలును రికార్డుల్లో ‘శిక్షణార్థులకు మంచినీరు అందించు మహిళ’గా చూపించారు. అందువల్ల పేరంటాలు ఏదైనా చెప్పదలిస్తే ముందు ఒక గ్లాసు నీళ్ళు ఇచ్చి అప్పుడు చెప్పాల్సి వచ్చేది.

మొదటిరోజు సిబ్బంది అంతా గట్టు మీద వరసగా నిలబడ్డారు. ఎవరూ దిగలేదు. పేరంటాలు కాసేపు చూసింది.

“గట్టు మీంచి చెబితే చేనుకి వినపడదండి. దిగండి బాబూ, కరవదు” అంది, విశ్వపతి గారికి గ్లాసు అందిస్తూ.

ఆ మాట ఆనాటి మినిట్సులో ఇలా చేరింది: ‘క్షేత్రములోనికి ప్రవేశించు అంశము చర్చకు వచ్చినది.’

చివరికి దిగారు. ఉమాకాంతం పంచె మోకాళ్ళ పైకి కట్టి కాలు పెట్టగానే బురద వేళ్ళ సందుల్లోంచి చల్లగా పైకి వచ్చింది. ఇంత బాగుంటుందని కవులు ఒక్కరూ రాయలేదేమిటా అనుకున్నాడు. మరుక్షణం వెల్లకిలా పడ్డాడు. ఎందుకు రాయలేదో అప్పుడు తెలిసింది.

నాట్లు మాత్రం దేశంలో ఎక్కడా పడనంత చక్కగా పడ్డాయి. తాడు కట్టి, టేపు పట్టి, స్కేలుతో లోతు కొలిచి నాటారు. లోతు రెండంగుళాలు అని విశ్వపతి గారికి ఎవరో చెబితే, ఎందుకైనా మంచిదని ఆయన నాలుగు చేయించారు. ప్రతి కుదురుకూ ఒక నంబరు ఇచ్చారు. మూడోరోజున నూట పన్నెండో కుదురు చచ్చిపోయింది. దాన్ని లెక్కల్లోంచి తొలగించడానికి అనుమతి కోరుతూ ఫైలు పైకి వెళ్ళింది. అనుమతి వచ్చేదాకా చచ్చిన కుదురును కదపకూడదని తాఖీదు గనక దానికి చుట్టూ పుల్లలు పాతి దారం కట్టారు.

అంత లోతున నాటినందుకు వరి ఊపిరాడక పాలిపోయి, ముడుచుకుని కూర్చుంది. ఈలోగా పదకొండేళ్ళ బీడులో నిద్రపోతున్న గింజలన్నీ తడి తగలగానే లేచాయి. ఇరవై ఐదో రోజుకి మడంతా ఒకటే పచ్చదనం. ఉత్తర్వు ప్రకారం ఆ రోజు కలుపు తీయాలి. పేరంటాలు రాలేదు, ఆమె చేలో ఆరోజు ఆమె కలుపు తీసుకుంటోంది.

“ఏది కలుపు, ఏది పంట?” అన్నారు విశ్వపతి గారు, మడి కేసి చూస్తూ. “అధికారికంగా తేల్చాలి.”

అందరూ ఉమాకాంతం వైపు తిరిగారు. జీవితంలో మొట్టమొదటిసారి పదిమంది అతని కోసం ఎదురుచూశారు. అతను సంచీలోంచి ‘కలుపు – రైతుకు పగవాడు’ పదకొండో ముద్రణ తీశాడు. ముఖచిత్రం మీద నిలువెత్తు పచ్చని మొక్క. కింద పెద్ద అక్షరాల్లో ‘ఆరోగ్యవంతమైన వరి’.

“ఈ బొమ్మలా ఉన్నది వరి. కానిది కలుపు” అన్నాడు.

“కానీ బొమ్మలా ఉన్నవి ఎక్కడపడితే అక్కడ ఉన్నాయండీ. తాడు వరసలో ఉన్నవి పీలగా ఉన్నాయి. మనం నాటింది వరసలోనే కదా?” అంది రోజారమణి.

తెలివైన ప్రశ్న. ఆ ఒక్కక్షణం ఉమాకాంతం నోరు మూసుకుని ఉంటే ఈ కథ లేదు. అతను మూడో పేజీ తీసి, తన వాక్యం తానే గంభీరంగా చదివాడు. “కలుపు వరిని అనుకరించి, దాని వరుసలో చేరి మోసగించును.”

“ఓహో” అన్నారు విశ్వపతి గారు.

సాయంత్రానికి వరసల్లో ఉన్నవన్నీ పీకేశారు. వరసలు తప్పినవి నిలిచాయి. పీకినదంతా గట్టున కుప్ప పోసి, కుప్ప పక్కన నిలబడి ఫోటో దిగారు.

అందరూ వెళ్ళిపోయాక పేరంటాలు తన చేలోంచి గట్టు దాటి వచ్చింది. ఉమాకాంతం ఒక్కడే బోరింగు దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఆమె కుప్పలోంచి ఒక మొక్క తీసి చూసింది. ఇంకోటి తీసింది. తర్వాత కుప్ప పక్కనే కూలబడింది.

“ఇది వరండి” అంది.

“ఏది?”

“ఇదంతానండి.” మడి వైపు చెయ్యి చూపించింది. “అదంతా ఊదండి. ఉత్త గడ్డి.”

ఉమాకాంతం నవ్వబోయాడు. నవ్వు రాలేదు. సంచీలోంచి కరపత్రం తీసి ఆమెకు చూపించాడు.

“ఇదీ ఊదేనండి. మీరు అచ్చేసిన బొమ్మ” అంది పేరంటాలు.

అతనికి గుర్తొచ్చింది. పదేళ్ళ కిందట మొదటి ముద్రణ అప్పుడు ఫోటోగ్రాఫరు రెండు బొమ్మలు తెచ్చాడు. ఒకటి కాస్త వెలవెలబోతూ ఉంది, రెండోది ముదురాకుపచ్చగా కళకళలాడుతూ ఉంది. రైతుకు ఉత్సాహం కలుగుతుందని రెండోది ఎంచుకున్నాడు. మొదటిదాన్ని లోపలి పేజీలో, ‘కలుపు’ అని రాసి వేశాడు.

“నీకు ముందే తెలుసా? మరి చెప్పలేదేం?”

“చెప్పానండి. మా తోటికోడలి కొడుకు బట్టలకొట్టు మానేసి చేనుకొచ్చేడు. ఏమీ తెలీనోడు. మీ కాయితం చూసి ముప్పావెకరం వరి పీకేసుకున్నాడండి. ఆ కాయితం పట్టుకుని మీ ఆఫీసుకొచ్చి అర్జీ ఇచ్చేను. మూడేళ్ళయింది.” ఆమె గొంతులో కోపం లేదు. “జవాబు కూడా వొచ్చిందండి. ‘పరిశీలనలో ఉన్నది’ అని.”

ఆ జవాబు రాసింది ఉమాకాంతమే. అర్జీ చదవలేదు. చదవకుండా జవాబివ్వడానికి అంత అనువైన మాట భాషలో మరొకటి లేదు. నలభై పద్యాలు వచ్చిన మనిషి, ఇరవై ఆరేళ్ళుగా బతికింది ఆ రెండు మాటల మీద. సిగ్గుతో అతనికి ముఖం మండిపోయింది. ఊరంతటికీ దారి చెప్పే గుడ్డివాణ్ణి నేను, అదీ ఫ్రేము కట్టించుకున్న గుడ్డివాణ్ణి అనుకున్నాడు.

“నాకు నేర్పుతావా, పేరంటాలమ్మా?” అన్నాడు. శాఖలో ఎవరూ రైతును ‘అమ్మా’ అనగా తను వినలేదని, అన్నాక గమనించాడు.

“ఏముందండి ఇందులో. కళ్ళతో చూస్తే రెండూ ఒకటేనండి. కళ్ళు మూసుకోండి.” అతని చేతిలో ఒక మొక్క పెట్టింది. “ఆకు మీద ఏలు పెట్టి పైనుంచి కిందకి లాగండి. గరుగ్గా ఉంటే వరి. నున్నగా ఉంటే ఊద. ఇప్పుడు ఆకు కాడని కరుచుకున్న చోట గోటితో తడవండి. సన్నటి పొర నాలికలా తగిల్తే వరి. ఊదకి ఆ చోట బోడి.”

మర్నాటి నుంచి ఉమాకాంతం రోజూ ఆఫీసుకు గంట ముందు వచ్చి పేరంటాలు చేలో దిగేవాడు. ఆమె చెప్పిన చోట కలుపు తీసేవాడు, కళ్ళు మూసుకుని చెప్పేవాడు. మొదటి వారం పదింటికి ఏడు తప్పు. రెండో వారం పదింటికి ఐదు. “బొమ్మాబొరుసూ ఎగరేసినా ఇంతే వొస్తాయండి” అనేది పేరంటాలు. నెల తిరిగేసరికి తొమ్మిది ఒప్పు.

అప్పుడతను ధైర్యం చేసి విశ్వపతి గారికి నోట్ పెట్టాడు. మనం పెంచుతున్నది ఊద అనీ, తప్పు తన కరపత్రానిదనీ, మడి దున్నేయాలనీ రాశాడు. ఆయన తలుపు దగ్గరకు వేయించి, కూర్చోమన్నారు.

“ఉమాకాంతం గారూ, మనం వారం వారం ప్రగతి నివేదిక పంపుతున్నాం. ఎత్తులో మన మడి రాష్ట్రంలో ప్రథమం. యూరియా వాడకం సున్నా. తెగులు సున్నా. ఇప్పుడు ఇది వరి కాదంటే, ఆ ప్రథమ స్థానం ఎవరికి సంబంధించినట్టు?”

“ఊదకు సంబంధించినట్టండి.”

“ఊదకు నివేదికలో కాలమ్ లేదు” అన్నారాయన.

ఊద మాత్రం కాలమ్ కోసం ఆగలేదు. మిగతా జిల్లాల వరి ఇంకా కంకి బయటపడక చిరుపొట్ట మీద ఉండగానే ఇక్కడ కంకి వేసి, గింజ కట్టి, కోతకొచ్చేసింది. ‘నలభై ఐదు రోజుల ముందే కోత’ అని నివేదిక వెళ్ళింది. గింజ చూస్తే ఆవగింజకు అన్నలా ఉంది. ‘అతి సన్న రకం’ అని రాశారు. వాపును చూసి బలుపనుకోవడం మనుషులకు మామూలే, కానీ దాన్ని మూడు ప్రతుల్లో టైపు చేసి పంపడం ఆఫీసులకే చెల్లింది. రాజధానిలో ఆ నివేదిక చూసి ముగ్ధులైపోయారు. పొడుగు, తక్కువ కాలం, ఎరువు అక్కర్లేదు, తెగులు రాదు, గింజ సన్నం. ఇంతకన్నా రైతుకు ఏం కావాలి? ఆ రకానికి ‘ఉద్యోగ సోన’ అని నామకరణం చేసి, వచ్చే రెండో పంటకు, అంటే దాళ్వాకు, జిల్లాలో మొదటి విడతగా నాలుగు వందల మంది కౌలు రైతులకు కిలో చొప్పున సంచులు పంచాలని నిర్ణయించారు. తీసుకోని రైతుకు కౌలు కార్డు రద్దు. మొదటి సంచి ‘మంచినీరు అందించు మహిళ’కు ప్రత్యేక ప్రధానాధికారి స్వహస్తాలతో ఇస్తారు.

ఆ వార్త ఉమాకాంతమే మోసుకెళ్ళి చెప్పాడు. పేరంటాలు గట్టున ఓ గడ్డిపోచ పీకింది.

“ఊద గింజ ఒకసారి చేలో పడితే ఏడేళ్ళు లేస్తదండి. చేను కౌలుకిచ్చిన ఆసామి ఊరుకుంటాడా? మరుసటేడు ఇంకోళ్ళకి ఇచ్చేస్తాడు. తీసుకోకపోతే కార్డు పోద్ది, కార్డు లేకపోతే ఎరువు ఇవ్వరు. ఎటు తిరిగినా చేను పోద్దండి.” నిబ్బరంగానే అంది, కానీ చేతిలో గడ్డిపోచను తునకలు తునకలు చేస్తూ అంది.

“ఆ రోజు మైకు నాదే. వందన సమర్పణ కూడా నాదే. చెబుతాను” అన్నాడు ఉమాకాంతం.

“చెప్పండి” అంది పేరంటాలు. పెద్ద ఆశ ఉన్నట్టు లేదు.

ఆవిష్కరణ రోజున ఆఫీసు ఆవరణలో షామియానా వేశారు. నాలుగు వందల సంచులు వేదిక పక్కన పేర్చారు. ప్రత్యేక ప్రధానాధికారి వచ్చి, కంకి ఒకటి చేత్తో పట్టుకుని, ఉద్యోగి తలచుకుంటే రైతు నలభై ఏళ్ళలో చేయలేనిది అరవై ఐదు రోజుల్లో చేయగలడని ప్రసంగించారు. చప్పట్లు ఆగాక ఉమాకాంతం మైకు ముందుకు వచ్చాడు. నాట్ల నాడు పడ్డట్టే ఇప్పుడూ వెల్లకిలా పడతానేమో అనుకున్నాడు.

“అయ్యా, ఇది వరి కాదు, ఊద. పదేళ్ళ కిందట వరి అని దీని బొమ్మ అచ్చు వేయించింది నేను. మేం వరి పీకేసి గడ్డి పెంచాం. దయచేసి ఇది పంచకండి.”

విలేఖరులు పెన్నులు తీశారు.

“వీరి విద్యార్హత ఏమిటి?” అన్నారు ప్రత్యేక ప్రధానాధికారి, విశ్వపతి గారి వైపు వంగి.

“ఎమ్మే తెలుగండి.”

“మరి వీరికి సాంకేతిక అర్హత లేదు కదా. ఇది వరి కాదని వీరెలా చెప్పగలరు?”

పదేళ్ళు వరి అని చెప్పడానికి సరిపోయిన ఎమ్మే, కాదని చెప్పడానికి మాత్రం చాలలేదు.

కానీ విలేఖరులు రాసుకుంటున్నారు. ప్రత్యేక ప్రధానాధికారి ఊరికే ఆ పదవికి రాలేదు. ఒక్క గుక్క నీళ్ళు తాగి లేచి నిలబడ్డారు. “మిత్రులారా! ఊద అంటే ఏమిటి? ఊదలు! చిరుధాన్యం! ఇవాళ పట్నాల్లో పెద్దలందరూ వైద్యుల సలహా మీద తింటున్నది ఏది? వరి నుంచి చిరుధాన్యాలకు మారిన మొదటి జిల్లాగా ఈ జిల్లాను ప్రకటించుటకు మిక్కిలి సంతోషించుచున్నాను!”

షామియానా దద్దరిల్లింది. విశ్వపతి గారి కళ్ళు చెమర్చాయి. కాలమ్ దొరికింది.

ఉమాకాంతం పేరంటాలు కేసి చూడలేకపోయాడు. తాను ఉన్నమాట చెప్పడం వల్ల జరిగిందల్లా గడ్డికి ఇంకో గౌరవం పెరగడమే. చేతకానివాడు నిజం చెబితే ఇలాగే ఉంటుందని తనను తానే తిట్టుకున్నాడు.

“తినే ఊదలు వేరండి బాబూ. ఇది చేలో గడ్డి ఊద” అంది పేరంటాలు వేదిక కిందనించి. ఎవరూ వినలేదు. ఆమె చేతిలో ఆరోజు గ్లాసు లేదు మరి.

సంచి అందించే ముందు ఒక లాంఛనం మిగిలింది. సిబ్బంది అందరికీ ధ్రువీకరణ పత్రాలు. ముప్ఫై ఒక్క కాగితాలు, అన్నీ టైపు చేసి, కింద గీత గీసి ఉంచారు. రోజారమణి ఆమెను వేదిక ఎక్కించి, కుర్చీ వేసి, పెన్ను చేతికిచ్చింది.

“ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ సంతకం పెట్టేయమ్మా. ఏమీ లేదు, మా అందరికీ వ్యవసాయం వచ్చని.”

పేరంటాలు పెన్ను కింద పెట్టింది. కొంగు ముడి విప్పి రెండు మొక్కలు తీసింది. రెండూ పచ్చగా, రెండూ ఒక్కలాగే ఉన్నాయి.

“నా పేరు మీద పెట్టే సంతకం కదండీ. ఓ మాట అడిగి పెడతాను. ఇందులో వరేదండి?”

విలేఖరులు దగ్గరకు జరిగారు. ప్రత్యేక ప్రధానాధికారి రెండింటినీ దూరం నుంచి పరికించి, చిరునవ్వుతో “రెండూ వరే” అన్నారు. విశ్వపతి గారు “రెండూ వరేనండి” అన్నారు. ఆయన కింది అసిస్టెంట్ డైరెక్టర్లు హోదా వరసలో రెండూ వరే అన్నారు. రోజారమణి మొక్కల వైపు చూసి, పై అధికారుల వైపు చూసి, తనది ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షనంది. డ్రైవరు దగ్గరకు వచ్చేసరికి, అతను మాత్రం తలగోక్కుని, “నాకు తెలవదండి” అన్నాడు. పేరంటాలు అతని కేసి మెచ్చుకోలుగా చూసింది.

ఉమాకాంతం చివర నిలబడ్డాడు. కళ్ళు మూసుకుని చేతులు చాపాడు. ఎడమచేతిలోది గరుకు. గోరు పెట్టి తడిమితే పొర తగిలింది. కుడిచేతిలోది నున్నన, బోడి.

“ఇది వరి. ఇది ఊద” అన్నాడు.

పేరంటాలు ముప్ఫై ఒక్క కాగితాలూ తిరగేసి, అతని పేరున్నది రోజారమణి చేత వెతికించి, కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది. మిగతా ముప్ఫై సర్ది వెనక్కిచ్చేసింది.

“వీళ్ళకి వొచ్చే ఏడు చూద్దారండి” అంది.

సరిగ్గా అప్పుడే రోజారమణికి పద్నాలుగో నిబంధన గుర్తొచ్చింది. ఆమె ఉత్తర్వు తీసి విశ్వపతి గారి చెవిలో చదివింది. ఆయన ముఖం తెల్లబోయింది. ధ్రువీకరణ పొందిన ఉద్యోగి చేవ్రాలు లేనిదే ఏ విత్తనమూ రైతుకు చేరరాదు. జిల్లా మొత్తానికి అటువంటి ఉద్యోగి ఇప్పుడు ఒక్కడే. పంపిణీ ఫైలును ఉమాకాంతం ముందు పెట్టారు.

“మొదటి ధ్రువీకృత ఉద్యోగి! అభినందనలు! కానివ్వండి, ఒక్క సంతకం” అన్నారు ప్రత్యేక ప్రధానాధికారి, విలేఖరులకు కనపడేలా నవ్వుతూ.

ఉమాకాంతం పెన్ను తెరిచాడు. ‘నిరాకరించడమైనది’ అని రాద్దామనుకున్నాడు. ఆగాడు. నిరాకరిస్తే అప్పీలు ఉంటుంది, పైవాళ్ళు కొట్టేస్తారు. ఆమోదిస్తే నాలుగు వందల చేలు నాశనం. ఇరవై ఆరేళ్ళ అనుభవం ఉన్న మనిషి. ఈ శాఖలో అప్పీలు లేనిది, గడువు లేనిది, ఎంతటివాడూ కదిలించలేనిది ఒకే ఒక్కటుందని అతనికి తెలిసినంతగా ఆ వేదిక మీద ఎవరికీ తెలియదు. గుండ్రటి దస్తూరీతో, చివర చుక్క కూడా మరవకుండా రాశాడు.

‘పరిశీలనలో ఉన్నది.’

విశ్వపతి గారు అది చదివి, ఫైలు మూసేశారు. అనడానికి అందులో ఏముంది? ఆయన కూడా సర్వీసంతా రాసింది అదే.

సంచులన్నీ గోడౌనుకు వెళ్ళాయి. దాళ్వా నాట్లు వచ్చాయి, అయిపోయాయి. నెలకోసారి రాజధాని నుంచి గుర్తుచేస్తూ తాఖీదు వస్తుంది, పరిశీలన ఎంతవరకు వచ్చిందని. ఆ విషయమూ పరిశీలనలో ఉన్నదని ఉమాకాంతం జవాబు రాస్తాడు. చేసిన చెడంతా ఏ మాటతో చేశాడో, చేసిన ఒక్క మంచీ ఆ మాటతోనే చేయాల్సి వచ్చిందని తలుచుకుంటే అతనికి నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది. పూజగది పక్కన ఫ్రేము ఇంకా అలాగే ఉంది. కాకపోతే కింద ‘ఆరోగ్యవంతమైన వరి’ అన్న చోట, కాగితం ముక్క అతికించి, ‘ఊద’ అని రాసుకున్నాడు. పన్నెండో ముద్రణకు సరైన బొమ్మ ఇచ్చాడు. పేరంటాలు మూడేళ్ళ నాటి అర్జీకి ఆరు వాక్యాల జవాబు కూడా రాశాడు. మొదటి వాక్యం, క్షమించమని.

ఆ జవాబు స్వయంగా ఇవ్వడానికి ఓ ఆదివారం పొద్దున్నే ఆమె చేనుకు వెళ్ళాడు. దాళ్వా చేను మోకాలెత్తున ఉంది. జవాబు చేతికిచ్చి, ఊరికే నిలబడలేక, పంచె ఎగ్గట్టి తానూ కలుపులో దిగాడు. రెండు గంటలు వంచిన నడుం ఎత్తలేదు. పీకినదంతా గట్టున వేసి, చెమట తుడుచుకుంటూ, కాస్త గర్వంగానే నిలబడ్డాడు.

పేరంటాలు వచ్చి ఆ కుప్పను కాలితో చెదరగొట్టింది. వంగి ఒక మొక్క ఏరింది. ఆకు మీద వేలు రాసి చూసి, అతని చేతికిచ్చింది. ఉమాకాంతం కళ్ళు మూసుకున్నాడు. గరుకు.

ఆమె దాన్ని వెనక్కి తీసుకుని చేలో దిగి, ఖాళీ ఉన్నచోట బొటనవేలితో బురదలోకి నొక్కింది.

“మీరింకా పరిశీలనలోనే ఉన్నారండి” అంది.